రంగస్థలం, నింద, ప్రేక్షకుడు: గోదావరి డెల్టా సంస్కరణ నాటకంపై ఒక నైతిక పరిశీలన

నిడదవోలుకు చాళుక్యుల నాటి పేరు నిరవద్యప్రోలు. అవద్యమంటే దోషం, నింద; నిరవద్యమంటే నిందకు తావులేనిది. ప్రోలు వోలు కావడం, సంస్కృత పదం జనుల నోట నలిగి గుర్తుపట్టలేనంతగా మారడం భాషాచరిత్ర విద్యార్థులకు కొత్త సంగతులు కావు. నాటకం ద్వారా సంఘాన్ని మార్చవచ్చుననే విశ్వాసం ఈ ఊరి చుట్టుపక్కల ఎలా పుట్టి పెరిగిందో పరిశీలించేవారికి మాత్రం ఈ పేరు మరొక విధంగా ఉపయోగపడుతుంది. సంస్కరణ నాటకం చేసే మొదటి పని దోషాన్ని ఎత్తిచూపడం. ఎత్తిచూపిన దోషం ఎవరిదో ఒకరిది కావాలి. తెర పడిన తరువాత ఇంటికి వెళ్లే ప్రేక్షకుడు ఆ దోషంలో తనకూ భాగముందని తలచుకుంటూ వెళతాడా, తాను మాత్రం నిరవద్యుడనని తృప్తిపడి వెళతాడా అన్నది సంస్కరణ నాటకానికి సంబంధించిన మౌలికమైన నైతిక ప్రశ్న. తెలుగు నాటక విమర్శ రచయిత ఉద్దేశాన్ని గురించి, ఇతివృత్తంలోని అభ్యుదయాన్ని గురించి విస్తారంగా చర్చించింది. ప్రేక్షకుడి స్థానాన్ని గురించి చేసిన చర్చ అంతకంటె తక్కువ.

నిడదవోలు భౌగోళిక స్థానం ఈ చర్చకు అనుకూలమైనది. గోదావరి ఆనకట్ట పశ్చిమ భాగం చేరుకునే విజ్జేశ్వరం నిడదవోలు మండలంలోనిదే. 1852లో ఆనకట్ట పూర్తయిన తరువాత పశ్చిమ డెల్టాకు నీరు అక్కడినుంచే పారింది. నీటితో పంట, పంటతో భూమికి విలువ, విలువతో నగదు వచ్చాయి. నగదుతోపాటు కోర్టు వ్యాజ్యాలు, పెండ్లి బేరాలు, భోగ వినోదాలు వచ్చాయి. ఆ భోగ వినోదాలను ఖండించే నాటకాలు కూడా ఆ నగదుతోనే ఆడాయి. 1900లో గోదావరిపై రైలు వంతెన మీద రాకపోకలు మొదలై మద్రాసు, కలకత్తా దారి కలిసింది. భీమవరం, నరసాపురం వైపు పోయే శాఖ చీలే కూడలి నిడదవోలు. ఒకవైపు గోదావరి దాటితే కందుకూరి వీరేశలింగం పనిచేసిన రాజమండ్రి. మరొకవైపు భీమవరం దిక్కుగా పోతే కళ్లకూరి నారాయణరావు పుట్టిన మత్స్యపురి. తెలుగు సంస్కరణ నాటకానికి చెందిన ఇద్దరు ముఖ్యుల ఊళ్ల నడుమ ఉన్న ఈ పట్టణం నాటకాలను పుట్టించిన చోటుగా కాక, వాటిని చూసిన చోటుగా, వాటికి చందాలిచ్చి తిరునాళ్లలో ఆడించుకున్న చోటుగా ఈ వ్యాసానికి ముఖ్యం. ఇక్కడ నిడదవోలు అన్నప్పుడల్లా డెల్టాలోని అటువంటి ఊళ్లన్నిటినీ కలుపుకొని చదువుకోవలసి ఉంటుంది.

వీరేశలింగం 1880లో రాజమండ్రిలో తన విద్యార్థులచేత 'వ్యవహారధర్మబోధిని' ఆడించారు. వకీళ్ల మోసాలు, న్యాయస్థానాల చుట్టూ అల్లుకున్న లంచగొండితనం అందులోని వస్తువు. నాటక కళ దృష్టితో చూస్తే అది గొప్ప రచన కాదు. ఆయన కూడా దాన్ని ఆ దృష్టితో రాయలేదు. దానికి ఉన్న బలం వేరు. ఆనాటి రాజమండ్రిలో ఇటువంటి ప్రదర్శనకు వచ్చి కూర్చునే చదువుకున్న వర్గమూ, కోర్టు కచేరీల మీద ఆధారపడి బతికే వర్గమూ చాలావరకు ఒక్కటే. వేదిక మీద ఎవరిని నిలబెట్టారో వారే ఎదుట కూర్చున్నారు. నవ్వాలంటే తమను చూసి తామే నవ్వుకోవాలి, కోపం వస్తే అది ఎందుకు వచ్చిందో పక్కవారికి తెలిసిపోతుంది. మరుసటి సంవత్సరం, 1881 డిసెంబరు 11న, ఆయన రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి, దాని పర్యవసానంగా వచ్చిన వెలిని, బంధుమిత్రుల దూరాన్ని భరించారు. ఇతరులను మారమని చెప్పిన మనిషి తానూ మూల్యం చెల్లించాడన్న సంగతి నాటకం లోపల కనిపించదు కాని, నాటకానికి నైతికమైన అధికారాన్ని ఇచ్చింది అదే.

నాలుగు దశాబ్దాల తరువాత, 1920లలో, కళ్లకూరి నారాయణరావు మూడు దురాచారాలను తీసుకొని మూడు నాటకాలు రాశారు. 'వరవిక్రయం' కట్నాన్ని, 'చింతామణి' వేశ్యాలోలత్వాన్ని, 'మధుసేవ' తాగుడును ఖండిస్తాయి. ఈ మూడింటినీ విడివిడి దురాచారాలుగా చెప్పడం పరిపాటి. మూడూ చేతిలో నగదు మిగిలిన సమాజపు జబ్బులేనని గమనిస్తే ఆనకట్ట తరువాతి డెల్టాకు, ఈ నాటకాలకు గల సంబంధం బోధపడుతుంది. తిండికి చాలని చోట వరుడికి వేలం పాట ఉండదు.

వీటిలో 'వరవిక్రయం' నైతికంగా పదునైనది. కాళింది తనకు తలపెట్టిన బేరాన్ని భరించలేక ప్రాణం తీసుకుంటుంది. ఆమె చెల్లెలు కమల చావకుండా, బేరపు తర్కాన్నే చివరిదాకా లాగుతుంది. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవారిది గనుక కొనబడిన వరుడు కూడా కొన్నవారి సొత్తేనని వాదిస్తుంది. కాళింది చావు ప్రేక్షకుడిచేత కన్నీరు పెట్టిస్తుంది, కమల వాదం అతనిని ఇరకాటంలో పెడుతుంది. కన్నీరు సులభం. కొడుకుకు కట్నం తీసుకున్న తండ్రి కూడా కాళింది కోసం మనసారా ఏడవగలడు; ఆ ఏడుపు అతనికి తాను దయగలవాడినన్న నమ్మకాన్ని కలిగిస్తుంది. కమల ముందు అటువంటి వెసులుబాటు లేదు. అయితే ప్రజాదరణలో నిలిచింది కాళిందీ, లోభి అయిన సింగరాజు లింగరాజూ. 1939లో చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చినప్పుడు భానుమతి తొలిసారి తెరపై కనిపించింది కాళింది పాత్రలోనే. లింగరాజు పిసినారితనాన్ని చూసి నవ్వుకున్న ప్రేక్షకుడు తాను లింగరాజును కానని తేల్చుకోవడం కష్టం కాదు. లింగరాజు అంత లోభి ఊళ్లో ఏ ఒక్కడో ఉంటాడు; కట్నం పుచ్చుకునేవారు ఇంటికొకరు ఉంటారు. హాస్యం కోసం దోషాన్ని పెంచి చూపినకొద్దీ మామూలు దోషి తప్పించుకోవడానికి సందు పెరుగుతుంది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. నాటకానికీ చట్టానికీ నడుమ నాలుగు దశాబ్దాలు, చట్టం తరువాత మరొక ఆరు దశాబ్దాలు గడిచాయి. డెల్టాలో కట్నం పోలేదు, భూమి గల కులాలన్నిటికీ పాకింది. నాటకం విఫలమైందని దీని అర్థం కాదు. నాటకం ఒక్కటే ఆ పని చేయగలదని ఎవరూ అనలేదు. ప్రేక్షకుడికి తనను తాను తప్పించుకునే దారి చూపిన మేరకు మాత్రం ఆ నాటకం తన ఉద్దేశానికి తానే అడ్డుపడిందని చెప్పక తప్పదు.

ఈ చిక్కు సంపూర్ణంగా బయటపడేది 'చింతామణి'లో. లీలాశుకుడిగా, 'శ్రీకృష్ణకర్ణామృత' కర్తగా ప్రసిద్ధుడైన బిల్వమంగళుడి ఐతిహ్యం దీనికి ఆధారం. వేశ్య వ్యామోహంలో పడి సర్వమూ పోగొట్టుకున్న పురుషుడు, ఆ వేశ్య మాటతోనే జ్ఞానోదయం పొంది భక్తుడవుతాడు. కళ్లకూరి దీనికి భవానీశంకరం, సుబ్బిశెట్టి, తల్లి శ్రీహరి పాత్రలను చేర్చి, ఐతిహ్యాన్ని తన కాలపు ఇంటి నడవలోకి తెచ్చారు. రచయిత ఉద్దేశంలో శంక లేదు. వేశ్యా వ్యసనం ఎంతటివారినైనా ఎలా దిగజారుస్తుందో చూపి, చివరికి చింతామణిని కూడా వైరాగ్యం వైపు నడిపించారు. స్థానం నరసింహారావు వంటి మహానటుడు చింతామణి పాత్ర ధరించిన రోజుల్లో ఆ నాటకానికి ఉన్న గౌరవం పద్యం మీద, వాచికం మీద, పురుషుడు స్త్రీ అభినయాన్ని సాధించిన నైపుణ్యం మీద నిలిచింది.

తరువాత జరిగినది డెల్టా రంగస్థలం గురించి ఏ కొంచెం తెలిసినవారికైనా తెలుసు. తిమ్మరాజుపాలెం కోటసత్తెమ్మ తిరునాళ్ల వంటి ఉత్సవాల కాలంలో డెల్టా ఊళ్లలో పద్యనాటకాలకు గిరాకీ ఉండేది. పొద్దుపోయాక మొదలై తెల్లవార్లూ సాగే ప్రదర్శనల్లో ఏ అంకానికి జనం నిలుస్తారో, ఏ అంకానికి లేచిపోతారో సమాజాలవారికి చేతివేళ్ల మీది లెక్క. 'చింతామణి'లో జనాన్ని నిలిపినది వైరాగ్య ఘట్టం కాదు, సుబ్బిశెట్టి ప్రవేశం. ఆ పాత్రకు సంభాషణలు ఒకచోట నాలుగు, ఇంకొకచోట పది చేరాయి. శ్రీహరికీ అతనికీ నడుమ ద్వంద్వార్థాలు పెరిగాయి. కొన్నిచోట్ల నాటకమంతా పోయి ఆ ఘట్టం మాత్రమే మిగిలింది. వేశ్యా వ్యసనాన్ని మాన్పించడానికి రాసిన నాటకం ఆ వ్యసనానికి చౌకైన ప్రత్యామ్నాయంగా తయారైంది. మగవారు పాత్ర ధరించడం పోయి స్త్రీలు ఆ వేషం కట్టడం మొదలైన తరువాత ఇంకొక మలుపు వచ్చింది. వేదిక మీద వేశ్య పాత్ర వేసిన స్త్రీని వేదిక దిగిన తరువాత కూడా ఆ దృష్టితోనే చూడడానికి ఊరి పెద్దలు వెనుకాడలేదు. వేశ్యావృత్తిని సంఘం నుంచి తొలగించాలన్న నాటకం, పొట్టకూటికి పద్యం పాడుకునే స్త్రీ మీద ఆ నిందను మోపింది.

ఈ పరిణామానికి సమాజాలవారిని తప్పుపట్టి రచయితను కాపాడడం సాధారణంగా వినిపించే వాదన. అందులో సత్యముంది, అయితే అది సగమే. అశ్లీలం చేర్చినవారు సమాజాలవారే. చేర్చడానికి అనువైన చోటు మాత్రం రచనలోనే ఉంది. ఆ చోటు ఏదో తెలియాలంటే నాటకంలో ఎవరు ఉన్నారో కాక ఎవరు లేరో చూడవలసి ఉంటుంది. చింతామణి ఇంటికి వచ్చేవారిలో బిల్వమంగళుడు బ్రాహ్మణుడు, భవానీశంకరం బ్రాహ్మణుడు, సుబ్బిశెట్టి వైశ్యుడు. ఆనకట్ట తరువాతి డెల్టాలో కాలువ కింద భూమి గడించి, మేజువాణీలకు ధనం వెచ్చించి, ఆ తరువాత నాటకాలకు కూడా చందాలిచ్చిన ఆసామి ఈ ఇంటి గడప తొక్కడు. కళ్లకూరి ఐతిహ్యాన్ని అనుసరించారు గనుక ఇది ఉద్దేశపూర్వకమని అనడానికి వీలులేదు. ఫలితం మాత్రం ఉద్దేశం కోసం ఆగదు. పల్లెలో నాటకాన్ని ఆడించేవాడు ముందు వరుసలో కుర్చీ వేసుకొని కూర్చుంటే, వేదిక మీద అతని పోలిక లేదు. అతను నవ్వడానికి మాత్రం ఒక కోమటి ఉన్నాడు. అప్పులిచ్చి వడ్డీ గుంజుతాడని రైతుకు లోలోపల కసి ఉన్న మనిషే ఇక్కడ తన డబ్బు పోగొట్టుకొని అవమానం పాలవుతున్నాడు. ఆ నవ్వులో వేశ్యా వ్యసనం మీద ఏవగింపు ఎంత, పాత కక్ష ఎంత అని తూచి చెప్పడం కష్టం.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్యవైశ్య సంఘాల అభ్యర్థనపై 'చింతామణి' ప్రదర్శనను నిషేధించింది. ఉత్తర్వును సవాలు చేస్తూ ఉన్నత న్యాయస్థానంలో వ్యాజ్యం దాఖలైంది. పత్రికలలో సాగిన చర్చ రెండు జట్లుగా చీలింది. శతవత్సరాల కళాఖండాన్ని నిషేధించడం భావస్వేచ్ఛకు భంగమని ఒక జట్టు, తరతరాలుగా ఒక కులాన్ని నవ్వులపాలు చేసిన నాటకం పోవలసిందేనని మరొక జట్టు. మొదటి జట్టువారు నాటకం సంస్కరణ కోసం రాసినదని మళ్లీమళ్లీ గుర్తుచేశారు. సంస్కరణ కోసం రాసిన నాటకం బడిలో ఒక పిల్లవాడిని సుబ్బిశెట్టి అని పిలిచి ఏడిపించడానికి పనికివస్తే, రచయిత ఉద్దేశం ఆ పిల్లవాడికి ఏ విధంగా ఊరట కలిగిస్తుంది? రెండవ జట్టువారి బాధ నిజమైనది. వారు కోరిన మందు మాత్రం నిషేధం. నిషేధం సుబ్బిశెట్టితోపాటు బిల్వమంగళుడి పద్యాన్ని, ఆ పద్యం మీద బతికే నటులను కూడా కొట్టింది. తిరునాళ్లకు తిరునాళ్లకు ఊరు మారుతూ బతికే కళాకారులకు అది కూటి సమస్య.

భారతీయ నాట్య సంప్రదాయంలో ఈ వివాదం కొత్తది కాకపోవడం గమనార్హం. 'నాట్యశాస్త్రం' ప్రథమాధ్యాయంలో మహేంద్రధ్వజ మహోత్సవ సమయాన జరిగిన తొలి ప్రదర్శన వృత్తాంతముంది. ప్రదర్శన వస్తువు దేవతల చేతిలో అసురుల ఓటమి. దేవతలు మెచ్చి కానుకలిచ్చారు. చూడవచ్చిన దైత్యులు, విఘ్నులు, విరూపాక్షుడి నాయకత్వాన ఆగ్రహించి నటుల మాటను, చేష్టను, జ్ఞాపకాన్ని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని చితకకొట్టాడు. ఆ దండమే జర్జరమని ప్రసిద్ధి కెక్కింది. అయినా బెడద తీరలేదు. అప్పుడు బ్రహ్మ విఘ్నులను పిలిచి, దండంతో కాక మాటతో, ఎందుకు నాట్యాన్ని పాడుచేస్తున్నారని అడిగాడు. దేవతల కోసం తమను అవమానించారని, దేవతలను పుట్టించినవాడే తమనూ పుట్టించాడు కదా అని విరూపాక్షుడు బదులిచ్చాడు. బ్రహ్మ అతని ఫిర్యాదును తోసిపుచ్చలేదు. నాట్యం దేవతలదో అసురులదో ఒక్కరి కథ కాదని, ముల్లోకాల భావానుకీర్తనమని వివరించి సమాధానపరిచాడు. ఈ వృత్తాంతంలో మూడు మార్గాలు కనిపిస్తాయి. ప్రదర్శనను స్తంభింపజేయడం విఘ్నుల మార్గం, ఎదురుచెప్పినవారిని కొట్టడం ఇంద్రుడి మార్గం, నాట్యం అందరి భావాలనూ అనుకరించాలని ఒప్పుకోవడం బ్రహ్మ మార్గం. 2022 చర్చలో మొదటి రెండు మార్గాలకే ఎక్కువమంది ప్రతినిధులు దొరికారు. మూడవ మార్గం నాటకం ఆడేవారి మీద భారం పెడుతుంది: ఓడినవాడి కన్నుతో కూడా కథ చూపవలసి ఉంటుంది.

ఆ పనిని తెలుగులో ముందే చేసి చూపిన నాటకం 'కన్యాశుల్కం'. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909 నాటికి పూర్తిగా కొత్త రూపు దాల్చిన ఆ నాటకంలో గురజాడ సంస్కరణోద్యమాన్నే బోనెక్కించారు. సంస్కరణ ఉపన్యాసాలు గిరీశం నోట పలుకుతాయి. నిజమైన సంస్కర్త సౌజన్యారావు పంతులు వేశ్యల ముఖం చూడననే నియమం గలవాడు. మధురవాణి మగవేషంలో వచ్చి అతని ఎదుట నిలిచినప్పుడు, ఆమెను చూడననే నియమం అతనిని ఎంతమంచివాడిగా చేసిందో కాక, ఎంతమాత్రం చూడలేనివాడిగా చేసిందో బయటపడుతుంది. చింతామణి తన వృత్తిని విడిచిన తరువాతనే గౌరవానికి అర్హురాలవుతుంది. మధురవాణి విడవక ముందే ఇతర పాత్రలకంటె వివేకవతి. ఈ తేడా పాత్రచిత్రణలోని నేర్పుకు సంబంధించినది మాత్రమే కాదు. మంచి చేయదలచినవాడు కూడా తీర్పుకు అతీతుడు కాడని గురజాడ ప్రేక్షకుడికి తెలియజేశారు. నిరవద్యుడిగా ఇంటికి పోయే దారిని మూసివేశారు.

'చింతామణి' పుట్టిన కాలంలోనే కాకినాడలో జరిగిన ఒక సంఘటన ఈ సందర్భంలో స్మరించదగినది. 1921లో గాంధీ కాకినాడ వచ్చినప్పుడు, పన్నెండేండ్ల బాలిక దుర్గాబాయి, దేవదాసీలూ ఘోషాలో ఉన్న ముస్లిం స్త్రీలూ ఆయనను కలుసుకునే సభ ఏర్పాటు చేయాలని పట్టుబట్టింది. నిర్వాహకులు అడిగిన 5,000 రూపాయలను ఆ స్త్రీల నుంచే పోగుచేసింది. ఆ సభలో కళావంతుల స్త్రీలు శ్రోతలు, దాతలు. నాటకశాలలో వారు కథావస్తువు మాత్రమే. వారి గురించి మాట్లాడడం, వారితో మాట్లాడడం ఒక్కటి కావు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం అవసరమైనదే. కాని దాని వెనుకనున్న దశాబ్దాల ప్రచారం ఆ స్త్రీల ఆటపాటలను కూడా పాపంగానే లెక్కకట్టింది. డెల్టాలోని కళావంతుల కుటుంబాలు తమ పదాలను, వర్ణాలను తలుపులు మూసుకొని నెమరువేసుకోవలసిన స్థితి వచ్చింది. మేజువాణీకి డబ్బిచ్చి పిలిపించుకున్నవారి కుటుంబాలకు మాత్రం దాచుకోవలసినదేమీ మిగలలేదు. సంస్కరణ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో చూడకుండా సంస్కరణ నాటకాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

నింద మార్గం కాని మరొక మార్గం బోయి భీమన్న 'పాలేరు'లో కనిపిస్తుంది. కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన భీమన్న తాను ఎరిగిన జీవితం నుంచి ఆ నాటకాన్ని తీశారు. కామందు ఇంట పశువులు కాసే దళిత బాలుడు చదువు పట్టుకొని అధికారి స్థాయికి ఎదుగుతాడు. కథగా చూస్తే ఇది సరళమైనది, కొన్నిచోట్ల అతి సులభమైనది కూడా. ఈ నాటకం చూసి పిల్లలను పాలేరుతనం మాన్పించి బడికి పంపిన కుటుంబాలు ఉన్నాయని సాహిత్య చరిత్రలో తరచు చెప్పుకుంటారు. కారణం ఊహించదగినదే. నాటకం తరువాతి ఉదయాన చేయదగిన ఒక పనిని ఈ నాటకం చూపింది. బడి ఉంది, పలక ఉంది, పిల్లవాడు ఉన్నాడు. మరీ ముఖ్యంగా, ఇక్కడ ప్రధాన ప్రేక్షకుడు మందలింపు వినడానికి వచ్చినవాడు కాడు. తన కొడుకు భవిష్యత్తును చూడడానికి వచ్చినవాడు. కామందు కూడా అదే ప్రదర్శన చూస్తున్నాడు. అతనిని ఎవరూ తిట్టలేదు. కాని పాలేరు లేని రేపటిని అతను ఊహించుకోవలసి వచ్చింది. ఒక బాలుడు ఎదిగినంత మాత్రాన పాలేరుతనం పోదనే విమర్శ న్యాయమైనదే. అయినా, ఎవరి జీవితం మారాలని నాటకం కోరుతున్నదో వారి చేతికే మార్పును అందించిన రచన తెలుగులో ఇంతకంటె స్పష్టమైనది అరుదు.

ప్రజానాట్యమండలి ప్రశ్నను ఇంకొక మెట్టు ఎక్కించింది. 1943లో ఆవిర్భవించి, డాక్టరు గరికపాటి రాజారావు వంటివారి నాయకత్వంలో ఊరూరా తిరిగిన ఆ సంస్థ బుర్రకథను, పల్లె కళారూపాలను రాజకీయానికి చేర్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి' తెలంగాణ రైతాంగ పోరాటాన్ని కోస్తా ప్రజల ముందుంచింది. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ నిషేధానికీ 2022 నిషేధానికీ పోలిక లేదు. మొదటిది నాటకం లోకాన్ని మారుస్తుందేమోననే భయం నుంచి, రెండవది నాటకం నూరేండ్లయినా ఒక పాత అవమానాన్ని మార్చలేదనే బాధ నుంచి పుట్టాయి. అయితే డెల్టా ప్రేక్షకుడి విషయంలో 'మా భూమి'ని కూడా పాత ప్రశ్ననే అడగవలసి ఉంది. దుర్మార్గుడైన దొర తెలంగాణలో ఉన్నాడు. కాలువ కింద ఇరవై ఎకరాలున్న రైతు ఆ దొరను చూసి నిజాయితీతోనే పళ్లు కొరికి ఉంటాడు, ఉద్యమానికి చందా కూడా ఇచ్చి ఉంటాడు. అతని పాలేరు అదే ప్రదర్శనను జనం వెనుక, నేల మీద కూర్చొని చూస్తూ ఉంటే, 'మా' అన్న మాటలో తానున్నాడో లేడో ఆ పాలేరు ఎలా తేల్చుకోవాలి?

ఈ ప్రశ్నను తన మీదనే సంధించుకున్న నాటకకర్త బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవల్. ఆయన తన జీవితంలోని ఒక సంఘటనను పలుమార్లు చెప్పుకున్నారు. ఆయన బృందం ఈశాన్య బ్రెజిల్ పల్లెల్లో ఒక నాటకం ఆడింది. భూమి కోసం రక్తం చిందించాలని నటులు తుపాకులెత్తి పాడారు. విర్జీలియో అనే రైతు కన్నీళ్లతో వచ్చి, మీ తుపాకులు తీసుకొని రండి, భూస్వామి మనుషులను ఇప్పుడే తరిమివేద్దామన్నాడు. తుపాకులు చెక్కవని, తాము నటులమని, రైతులం కామని బృందం తలవంచుకొని చెప్పింది. అయితే మీరు చిందించాలన్న రక్తం మాదే తప్ప మీది కాదన్నమాట, అని రైతు తేల్చాడు. ఆ తరువాత బోవల్ ఉపదేశ నాటకాన్ని వదిలి, ప్రేక్షకుడే లేచి వేదిక ఎక్కి పాత్ర చేసే పనిని మార్చి చూపే పద్ధతిని రూపొందించారు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో జనసంస్కృతి అనే సంస్థ ఈ పద్ధతిని అనుసరిస్తున్నది. ప్రజానాట్యమండలి కళాకారులను మాత్రం విర్జీలియో ప్రశ్నతో ఓడించడం సాధ్యం కాదు. వారిలో అనేకులు నిర్బంధాన్ని అనుభవించారు. 1989 జనవరిలో సాహిబాబాద్‌లో వీధినాటకం ఆడుతూ దాడికి గురై మరణించిన సఫ్దర్ హష్మీని కూడా ఆ ప్రశ్న తాకదు. మారమని చెప్పేవాడు తానేమి పణంగా పెట్టాడన్నది వీరేశలింగం నాటి నుంచీ ఈ నాటకాన్ని వెంటాడే పరీక్ష.

ఈ వాదానికి ఒక ఆక్షేపణ రావచ్చు. ప్రేక్షకుడిని బోనులో నిలపడమే నాటకం పని అయితే రసానుభూతికి చోటెక్కడ, తిరునాళ్లలో ఏడాదికొకసారి నవ్వుకోవడానికి వచ్చిన కష్టజీవిని ఎందుకు శిక్షించాలి అని. ఆక్షేపణ బలమైనదే. నవ్వును నాటకం నుంచి తీసివేయడం కాదు కావలసినది. రాజమండ్రిలో వకీళ్లను చూసి వకీళ్లే నవ్విన నవ్వు, గిరీశాన్ని చూసి చదువుకున్నవాడు ఉలిక్కిపడి నవ్విన నవ్వు నవ్వులే. ఆ నవ్వుకు నవ్వేవాడు కొంత చెల్లించవలసి వస్తుంది. సుబ్బిశెట్టిని చూసి ముందు వరుస ఆసామి నవ్విన నవ్వుకు అతను ఏమీ చెల్లించలేదు. ఆ లెక్క మరెవరి వాకిట్లోనో తీరింది.

తెలుగు శాఖలకు ఈ వ్యవహారంలో ఒక నిర్దిష్టమైన పని ఉంది. నిషేధం ప్రదర్శనకు సంబంధించినది. పుస్తకం గ్రంథాలయాలలోనే ఉంది. కళ్లకూరి రాసిన సుబ్బిశెట్టి ఎంత, నూరేండ్లలో సమాజాలు చేర్చిన సుబ్బిశెట్టి ఎంత అని పంక్తి పంక్తికీ తేల్చడం పాఠపరిష్కరణ విద్య తెలిసినవారికి సాధ్యమయ్యే పనే. ప్రబంధాల తాళపత్ర ప్రతులకు చేసిన సేవనే హార్మనిస్టు దగ్గరున్న చేతిరాత పుస్తకానికి, ప్రాంప్టరు ప్రతికి, పాత ఆడియో క్యాసెట్టుకు చేయవలసి ఉంటుంది. నిడదవోలు, తణుకు, భీమవరం ప్రాంతాలలో ఆ వేషాలు కట్టినవారు, ముఖ్యంగా చింతామణిగా, శ్రీహరిగా నిలబడిన స్త్రీలు వృద్ధులవుతున్నారు. ఏ మాట తామే రాసుకున్నారో, ఏ మాట కాంట్రాక్టరు అడిగితే చేర్చారో, ఏ ఊళ్లో ఏ మాటకు తలవంచుకొని నిలబడవలసి వచ్చిందో వారికి గుర్తుంటుంది. న్యాయస్థానంలో గాని, పత్రికలలో గాని సాగిన వాదాలలో వారి వాఙ్మూలం అరుదుగానే వినిపించింది. ఆ వాఙ్మూలాలను పాఠాంతరాలుగా అట్టడుగున ముద్రించిన 'చింతామణి' ప్రతి ఒకటి తయారైతే, విరూపాక్షుడి ఫిర్యాదును కూడా అదే పుటలో చేర్చడానికి చోటుంటుంది.